మూడు వందల కిలోలు

బుధవారం రాహుకాలం ఒకటిన్నరకు వదిలింది. ఆ తరువాతే దామోదరం రేణిగుంట విమానాశ్రయం లోపలికి వచ్చాడు, అందరికంటే వెనక, చీరల మూటతో.

"గంట ముందే వస్తివే నాయనా, బయటేం చేస్తా ఉండావు?" అంది కూతురు రూపశ్రీ.

"రాహుకాలంలో సరుకు చెయ్యి మార్చనమ్మా."

నగరిలో ఆయన మగ్గాలు నాలుగూ రెండు నెలలుగా నిలిచిపోయి ఉన్నాయి. హైదరాబాదు షాపాయన పొద్దున ఫోన్ చేసి, సాయంత్రం ఆరులోపల చీరలు తెస్తే చూస్తాను, రేపు ఊళ్లో ఉండను అన్నాడు. రూపశ్రీ అప్పటికప్పుడు విమానం టికెట్ తీసింది.

"ఇంతకీ ఈ విమానానికి నువ్వు డ్రైవరా, కండక్టరా?"

"రెండూ కాదు నాయనా."

"మరి?"

ఏ దారిన పోవాలి, ఎంత ఇంధనం పోయాలి, ఎంత బరువు ఎక్కించాలి అని లెక్క తేల్చి ఆమె సంతకం పెడుతుంది. పక్కన కెప్టెన్ కూడా పెడితేనే విమానం కదులుతుంది. ఇది ఎన్నిసార్లు చెప్పినా ఆయనకు ఎక్కలేదు.

ఆఫీసులో తెర మీద రెండు వాతావరణ నివేదికలు. నాలుగింటికి హైదరాబాదులో ఉరుముల వాన అని ఒకటి, ఆరు దాటాకే అని ఇంకొకటి.

"ఉన్న ఇంధనం చాలనిపిస్తోంది. మీరేమంటారు?" అన్నాడు కెప్టెన్ భానుచందర్.

వాన పడితే దిగకుండా అరగంట సేపు ఆకాశంలోనే తిరగాలి. దానికి మూడు వందల కిలోల ఇంధనం కావాలి. ఈ మే ఎండలో విమానం ఇప్పుడున్న దానికి మించి బరువు ఎత్తదు కాబట్టి మూడు వందల కిలోల సామాను దింపాలి. చివర ఎక్కినవే ముందు దిగుతాయి. చివర ఎక్కింది ఎవరి మూటో ఆమెకు తెలుసు.

అదనపు ఇంధనం వద్దనిపించింది. ఆ వద్దనేది లెక్క చూసి అంటున్నానా, మూట చూసి అంటున్నానా? పోయమనిపించింది. నాయన లోపల కూర్చున్నాడని భయమా? నాయన ఎక్కకుండా ఉంటే ఏం రాసేదాన్నని ఆలోచించింది. అదీ తేలలేదు.

"పోయించండి సార్," అని సంతకం పెట్టింది.

నాలుగింటికి హైదరాబాదులో దిగిన దామోదరం ఫోన్ చేశాడు.

"సామాన్ల బెల్టు ఆగిపోయిందమ్మా. మూట యాడుండాది?"

"ఈడే ఉండాది. నేనే దింపించినాను నాయనా. వాన వస్తుందేమోనని ఇంధనం ఎక్కువ పోయించినా."

"ఈడ మబ్బు తునక లేదే."

"మగ్గానికి పడుగు పోసేటప్పుడు కొసన మూర ఎక్కువ పెడతావు కదా, అట్లా."

"పెడతాను. ఆ మూర కోసం ఎవురి చీరా దింపలేదే నేను."

నాలుగున్నర విమానంలో పంపిస్తాను, షాపాయన్ను ఇంకో గంట ఆగమని అడుగు అంది రూపశ్రీ.

ఆ విమానానికీ ఆమెదే సంతకం. నివేదికలు రెండూ మళ్లీ రెండు మాటలు చెబుతున్నాయి. ఈసారీ అదనంగా మూడు వందల కిలోలే రాసింది. మొదటి విమానం నుంచి దింపిన పద్దెనిమిది సామాన్లలో పదకొండింటికే చోటు దొరికింది.

"మీ నాయన మూట ఎక్కించేదా మేడమ్?" అని అడిగాడు లోడింగ్ చూసే విజయ్ కుమార్.

"వచ్చిన వరసలోనే ఎక్కించండి."

వరసలో ఆ మూట పద్దెనిమిదోది.

ఆరున్నరకు దామోదరం మళ్లీ ఫోన్ చేశాడు. "షాపాయప్ప తలుపేసుకొని పోయినాడమ్మా. షాపు అరుగు మీద నిలబడుకోని ఉండా. వాన దంచుతా ఉండాది." కొంచెం ఆగి, "ఇది నువ్వు చెప్పిన వానేనా?" అన్నాడు.

ఆలస్యంగా బయల్దేరిన నాలుగున్నర విమానం అప్పటికింకా దిగలేదు, హైదరాబాదు పైనే చుట్లు కొడుతోంది. రూపశ్రీ తెర వంక చూసింది.

"తెలీదు నాయనా," అంది.