నీరు తీసే కోటు

నేను ఒక వాన కోటుని. మనిషి తడవకుండా చూడ్డం నా పని. కానీ నా బతుకంతా మనుషుల్ని లోపల్నుంచి తడపడంలోనే గడిచిపోయింది. ఇదేం విడ్డూరం అంటారా? మీ మనుషుల విడ్డూరమే, నాది కాదు.

నన్ను కుట్టిన షెడ్డులో గాలి ఆడేది కాదు. మందపాటి ప్లాస్టిక్ గుడ్డని మిషను కిందికి తోసి, అతుకులు వేడిచేసి అంటించి, చుక్క నీరు దూరదని మెడ దగ్గర చీటీ కుట్టారు. దూరదు, నిజమే. లోపలి ఆవిరి బయటికి పోదని కూడా రాసి ఉంటే బాగుండేది.

విశాఖపట్నంలో ఒక ఇన్సూరెన్సు ఏజెంటు నన్ను కొన్నాడు. ఓ వానాకాలమంతా ఒంటికి చుట్టుకుని తిరిగాడు. ఒకరోజు వాన వెలవగానే టీకొట్టు బెంచీ మీద పడేసి, వెనక్కి తిరిగి చూడకుండా పోయాడు. ఆ కొట్టుకి రోజూ వచ్చే గౌరీనాయుడు మాస్టారు ఎండాకాలంలో నన్ను చూసి, "ఇది నాకిచ్చీవోయ్, పనుంది" అని కొట్టువాడితో అన్నాడు. బయట ఎండ మాడ్చేస్తోంది. ఈయనకి మతి పోయిందేమో అనుకున్నాను.

మతి పోలేదు. ఆయన బాక్సింగు నేర్పే మాస్టారు. చేపల రేవు పక్కన మూతపడ్డ ఐసు ఫ్యాక్టరీలో క్లబ్బు. పిల్లల బుగ్గ బొటనవేలితో నొక్కి, "నీరు పట్టావు" అనడం ఆయనకి అలవాటు. ఆయన లెక్కలో మనిషి ఒంట్లో కండా లేదు, రక్తమూ లేదు, ఉన్నదంతా నీరే. గుద్దడం నేర్పాలంటే ఏళ్ళు పడుతుంది. ఒళ్ళు పిండి, పోటీలో ఒక మెట్టు కింది బరువు తరగతిలో దించి, తేలిక ప్రత్యర్థి మీదికి వదలాలంటే వారం చాలు. ఆయన గారి విద్య అంతా అదే. ఆ విద్యకి పనిముట్టుని నేను.

ఆ క్లబ్బులో నేర్చుకునే నూకరత్నం, చేపలమ్మే ఎల్లాజమ్మ కూతురు. ఎడమచెయ్యి విసిరిందంటే ఎంతటి పిల్లైనా రెండడుగులు వెనక్కి వెయ్యాల్సిందే. కిందటేడు జిల్లా పోటీల్లో ఒక గాజువాక అమ్మాయి చేతిలో కొద్దిలో ఓడిపోయింది. అప్పట్నుంచీ ఆమెకి ఒకటే కోరిక, మళ్ళీ ఆ అమ్మాయితో దిగి గెలవాలి.

"దాని జోలికెళ్ళకు. కింది బరువులో దిగు. నీకు ఎదురుండదు," అన్నాడు మాస్టారు.

"ఎదురు లేపోతే ఇంకెందుకు మాస్టారూ? నాను దాన్నే కొడతాను."

"మాస్టారు నువ్వా, నేనా?"

మర్నాటినుంచి ఆమెకి నన్ను తొడిగి, మెడదాకా బొత్తాలు పెట్టి, నడిమధ్యాహ్నం బీచి రోడ్డు మీద పరిగెత్తించాడు. నా లోపల ఆమె ఒళ్ళు ఉడికిపోయేది. నా చేతుల చివరల్లోంచి చెమట ధారగా కారేది. దాహమేస్తే పుక్కిలించి ఉమ్మేయాలి, మింగకూడదు. నాకు సిగ్గేసేది. ఎవరికి చెప్పను?

ఒకరోజు ఎల్లాజమ్మ చెంబుతో మజ్జిగ పట్టుకొచ్చింది. "బావూ, నా గుంట మూతి ఎండిపోనాది. గుక్కెడు తాగనీండి."

"నీ చేత్తో నువ్వే కూతుర్ని ఓడించేత్తావేటమ్మా?" అని నవ్వి, మాస్టారు ఆ చెంబు అందుకుని తనే గటగటా తాగేశాడు. పాపిష్టి మనిషి! మూతి తుడుచుకుని, ఉప్పు తక్కువైందని కూడా అన్నాడు.

ఈ ఏటి జిల్లా పోటీల రోజు పొద్దున కాటా ముల్లు ఇంకా కొంచెం ఎక్కువే చూపించింది. మళ్ళీ నన్ను తొడిగాడు. మైదానం చుట్టూ పరిగెత్తుతూ నూకరత్నం ఆగిపోయి, పసరు కక్కింది. కళ్ళు తిరుగుతున్నాయంది.

"దిష్టి," అని తేల్చేశాడు మాస్టారు. "అందరి కళ్ళూ దీని మీదే." పక్క హోటల్నుంచి గుప్పెడు రాళ్ళుప్పు తెప్పించి, ఆమె తల చుట్టూ తిప్పి మురిక్కాలవలో పారేశాడు. నాకు తలుంటే గోడకేసి బాదుకునేదాన్ని. అందులో చిటికెడు చెంబుడు నీళ్ళలో కలిపి పోసుంటే ఆ పిల్ల నిలబడేది కదా!

మళ్ళీ పరిగెత్తించాడు. ఈసారి నా లోపల ఒక్క చుక్క చెమట పట్టలేదు. ఒళ్ళు పెనంలా కాలుతోంది, నేను మాత్రం పొడిగా ఉన్నాను. మాస్టారు నా లోపలికి చెయ్యి పెట్టి చూసి మురిసిపోయాడు. "చూశారా, నీరంతా తీసేశాను," అని పక్కవాళ్ళకి చెప్పుకున్నాడు.

కాటా సరిపోయింది. దిగగానే ఆమెకి వణుకు పుట్టింది. చలేస్తోందంటే, ఆ మండుటెండలో మళ్ళీ నన్నే కప్పి బొత్తాలు పెట్టాడు.

"నాతో ఎవరు మాస్టారూ?" అని అడిగింది.

"ఎవరూ లేరు. ఆ బరువులో నువ్వొక్కదానివే పేరిచ్చావు. బంగారు పతకం నీదే!"

ఎదురుండదంటే అదీ ఆయన ఉద్దేశం. ముందే తెలుసన్నమాట. నూకరత్నం మొహం ఏడుపుకి వంకర్లు పోయింది, కళ్ళలోకి మాత్రం నీళ్ళు రాలేదు. ఒంట్లో ఉంటే కదా. బెంచీ మీదినుంచి పక్కకి ఒరిగిపోయింది. ఆటో దాకా మోస్తుంటే కాళ్ళ వైపు పట్టుకున్నది ఆ గాజువాక అమ్మాయే.

ఆసుపత్రిలో నర్సు కత్తెర తీసుకుని నన్ను నిలువునా కోసేసింది. చెత్తబుట్టలో పడ్డాను. నీళ్ళు ఎప్పుడు తాగిందని డాక్టరు అడిగితే మాస్టారు మొన్ననగా అని చెప్పాడు. సీసాలోని సెలైను సగమైనా ఎక్కకముందే నూకరత్నం చచ్చిపోయింది.

ఎల్లాజమ్మ వచ్చేసరికి గుడ్డ కప్పేశారు. పోటీల వాళ్ళు పంపిన పతకం మాస్టారు ఆవిడ చేతిలో పెట్టి, గొంతు తగ్గించి ఓదార్చాడు. "ఏడవకమ్మా. నీ కూతురు ఒక్క దెబ్బ కూడా తినకుండా గెలిచింది."

ఎల్లాజమ్మ ఆ పతకాన్ని తిరిగి ఆయన చేతిలోనే పెట్టేసింది.

"దెబ్బలు తినడానికి ఎల్లలేదు బావూ. కొట్టడానికి ఎల్లింది నా గుంట. ఒక్కటైనా కొట్టనిచ్చినావా?"

మాస్టారు బుట్టలో ఉన్న నన్ను చూసి, "బొత్తాలు విప్పితే సరిపోయేది కదమ్మా, మంచి కోటు కోసేశారు," అని నర్సుతో అన్నాడు.