మనసుకో ముద్ద

ఆ రోజు ఇంట్లో ఉన్నది ఐదుగురు. కింద ముందుగదిలో కిటికీ పక్క కుర్చీలో నానమ్మ. వీధివైపు షెడ్డులో కాలిపోయిన మోటార్లకు రాగితీగ చుట్టే నాన్న. ఆదివారం కాబట్టి యూనిఫారాలు కుట్టే పనికి వెళ్ళకుండా వంటింట్లో ఉన్న అమ్మ. మేడమీద గదిలో అత్త. ఈ నలుగురి మధ్యా మెట్లెక్కుతూ దిగుతూ పిల్లి.

పిల్లి అంటే తోక ఉన్నది కాదు, ఆ ఇంటి ఆడపిల్లే. పదహారేళ్ళది. నడిస్తే అడుగు వినబడదు, నలుగురిలో ఉంటే గొంతు వినబడదు. ఎప్పుడో నానమ్మ అలా పిలిచింది, ఆ పేరే ఉండిపోయింది. చుట్టాలొస్తే తలుపు చాటున నిలబడి కాలి బొటనవేలితో నేల రాస్తుంది. "దీని నోట్లో ముత్యాలున్నాయేమో, రాలిపోతాయని తెరవదు" అని అమ్మ అంటుంటుంది.

అత్త నాన్నకు చెల్లెలు. ఇదివరకు ఒక ఆసుపత్రిలో రికార్డుల గదిలో పనిచేసేది. అప్పట్లో ఒకసారి మనసు బాగా దెబ్బతిని మంచం పట్టింది. డాక్టరమ్మ దగ్గర మందులు వాడి, నెమ్మదిగా లేచింది. లేచాక తనలాంటి వాళ్ళ కోసం 'మనసుకో ముద్ద' అని ఒక బ్లాగు మొదలుపెట్టింది. ఒంటికి రోజూ అన్నం పెట్టినట్టే మనసుకూ రోజూ ఇంత పెట్టాలని ఆమె మాట. నిద్ర గురించి, నడక గురించి, ఏడుపొస్తే ఏడవడం గురించి, కాస్త నయమవగానే మందులు మానేయకపోవడం గురించి తేలిక మాటల్లో రాసేది. చదివేవాళ్ళు ఎక్కడెక్కడో ఉన్నారు. ఆమెకు దండాలు పెడుతూ జవాబులు రాసేవారు.

ఇంట్లోనూ చదివేవారు. పొద్దున టీలు అయ్యాక నాన్న కళ్ళజోడు పెట్టుకుని, ఫోను చేతికందినంత దూరం చాపి, ఆ రోజు అత్త రాసింది పైకి చదవాలి. నానమ్మ కళ్ళు మూసుకుని వినాలి. "నడిచొచ్చిందట. నిద్ర పట్టిందట. ఇంకేం కావాలి" అని ఆవిడ నిట్టూర్చాక నాన్న షెడ్డులోకి వెళ్ళాలి. రాసుకునే మనిషిని కదిలించకూడదని నాన్న ఇంట్లో ఒక కట్టడి పెట్టాడు. నానమ్మ మోకాళ్ళు మెట్లెక్కనివ్వవు. అమ్మకు కుట్టుపని ఒకటీ ఇంటిపని ఒకటీ. అత్త ఎప్పుడైనా దిగొచ్చి నాలుగు మాటలు నవ్వుతూ మాట్లాడి వెళ్ళిపోయేది. అలా, నెత్తిమీద గదిలోనే ఉన్న మనిషి క్షేమం లోకంతో పాటే ఆ ఇంటివాళ్ళకూ ఫోన్‌లో తెలిసేది.

పిల్లికి మాత్రం వేరేగా తెలుసు. అన్నం పళ్ళెం పైకి తీసుకెళ్ళేది తనే. అత్త గోడవైపు తిరిగి పడుకుని ఉండేది. లేపితే రెండు ముద్దలు తిని చాలనేది. పళ్ళెం అలాగే కిందికి వెళ్తే నానమ్మ ప్రాణం తీస్తుందని, మిగిలింది పిల్లినే తినమనేది. "నా మీద ఒట్టు, ఎవరికీ చెప్పకు. కాస్త అలసట, అంతే. అదే పోతుంది" అనేది. పిల్లి తినేది. ఖాళీ పళ్ళెం చూసి నానమ్మ మురిసిపోయేది. ఈమధ్య మాత్రం పిల్లి బుగ్గలు పట్టుకుని లాగి, "అన్నం అది తింటోంది, ఒళ్ళు దీనికి వస్తోంది. ఇదేం విడ్డూరమో" అని నవ్వింది. ఇంట్లో అందరూ నవ్వారు. పిల్లి కూడా నవ్వబోయింది, గొంతులో ముద్ద అడ్డం పడ్డట్టయింది.

మరి రోజూ పొద్దునే బ్లాగులో రాత ఎలా వస్తోందో చాలాకాలం దానికి అర్థం కాలేదు. ఓసారి అత్తే చెప్పింది. బాగున్న రోజుల్లో వానాకాలానికి కట్టెలు దాచినట్టు చాలా రాసి పెట్టుకుందట. ఏది ఏ రోజు రావాలో ముందే పెట్టేస్తే, పొద్దున దానంతటదే వస్తుందట. మనిషి లేవకపోయినా రాత లేస్తుందని చెప్పి నవ్వింది. ఆ నవ్వు పిల్లికి నచ్చలేదు.

ఆ ఆదివారం ఇల్లంతా హడావుడిగా ఉంది. బ్లాగు చదివేవాళ్ళంతా ఒక హాల్లో కలుస్తున్నారు. అత్త మాట్లాడాలి. వాళ్ళని పోగుచేసిన టీచరమ్మ తనే కారు తీసుకుని మధ్యాహ్నానికి వస్తానంది. నాన్న గ్రీజు మరకలు పోయేదాకా చేతులు తోముకున్నాడు. అమ్మ నానమ్మకు జుట్టు దువ్వింది. మోకాళ్ళ నొప్పులున్నా సరే, ఎత్తుకునైనా తీసుకెళ్ళమంది నానమ్మ. తన కూతురు మాట్లాడుతుంటే తను చూడాలంది.

అన్నం పళ్ళెంతో పైకెళ్ళిన పిల్లి గుమ్మం దగ్గరే ఆగిపోయింది.

గది ఊడ్చి ఉంది. దుప్పటి మడత పెట్టి ఉంది. అత్త తలంటుకుని, తడిజుట్టు ఆరబోసుకుని కిటికీ దగ్గర కూర్చుంది. ముఖం తేటగా ఉంది. ఎన్నాళ్ళుగానో చూడని ఆ తేటదనం చూసి పిల్లికి సంతోషం వేయాలి. వేయలేదు.

"రా" అంది అత్త. తన ఫోను దాని చేతిలో పెట్టింది. తాళం ఎలా తీయాలో, బ్లాగు ఎలా తెరవాలో చూపించింది. ఇకనుంచి చదివేవాళ్ళు ఏమైనా అడిగితే నువ్వే మంచిగా జవాబు చెప్పాలంది. దాచిన రాతలు ఇంకొన్ని ఉన్నాయంది. తర్వాత మామూలుగా, కూరలో ఉప్పు సంగతి చెప్పినట్టు, ఇంకో మాట చెప్పింది.

"మీరంతా కారులో వెళ్ళిపోండి. నాకు కాస్త పని ఉంది. నేను వెనకాలే వస్తాను."

"నేనుంటాను నీతో."

"వద్దు. నానమ్మను పట్టుకోవడానికి నువ్వుండాలిగా. ఇల్లు ఖాళీగా ఉంటే నాకు ప్రశాంతంగా ఉంటుంది."

పిల్లి పళ్ళెం కింద పెట్టింది. అత్త రాసినవన్నీ అది చదివింది. ఒకదాంట్లో ఇలా ఉంది: బాగా కుంగిపోయిన మనిషి ఉన్నట్టుండి నెమ్మదించి, తన పనులు ఇంకొకళ్ళకు అప్పజెప్పి, ఒంటరిగా ఉండాలని చూస్తే, చూసీ చూడనట్టు ఊరుకోకండి. సూటిగా అడగండి. అడిగితే లేని ఆలోచన పుట్టదు. దాస్తానని మాట ఇచ్చి ఉన్నా సరే, దాచకండి.

సూటిగా అడగమని రాయడం తేలికే, అడగడమే కష్టం. అయినా పిల్లి అడిగింది.

"అత్తా, చచ్చిపోవాలనుకుంటున్నావా?"

కింద వంటింట్లో కుళాయి కట్టేసిన చప్పుడు పైకి వినిపించింది. అత్త కాదనలేదు. ఔననలేదు. తడిజుట్టు వేలికి చుట్టుకుంటూ పిల్లినే చూసింది.

"నీకింత గొంతుందని నాకు తెలీదే" అంది. "ఒట్టు గుర్తుందిగా?"

పిల్లి వెనక్కి నడిచి, తలుపు బార్లా తెరిచి వదిలేసి మెట్లు దిగింది. ఆ మెట్లమీద దాని అడుగులు చప్పుడు చేయడం అదే మొదలు.

కారు అప్పటికే వచ్చింది. టీచరమ్మ ముందుగదిలో నానమ్మ పక్కన కూర్చుని మాట్లాడుతోంది. ఆవిడ మాట వానవాగులా ఉంది, మధ్యలో అడుగు పెట్టే చోటు లేదు. పిల్లి వంటింట్లోకి వెళ్ళి అమ్మ చెయ్యి పట్టుకుంది. అత్తకు బాగోలేదని, ఆమెను వదిలి వెళ్ళకూడదని చెప్పింది. అమ్మ దువ్వెన వెతుక్కుంటూ వింది. నలుగురిలో మాట్లాడాలంటే ఎవరికైనా గుండె దడే, మీ అత్తకూ అంతేనంది. దాని వాలకం చూసి, ముందు నువ్వు ముఖం కడుక్కో అంది. అది మళ్ళీ నోరు తెరిచేలోగా నాన్న కేక వేశాడు, నానమ్మను లేపాలి రమ్మని.

నాన్న ఒక రెక్క పట్టుకున్నాడు. చెల్లెలు తర్వాత వస్తుందట కదా, ఇందాకే పైనుంచి కేకేసి చెప్పిందన్నాడు. రాసుకునేది ఏదో ఉండి ఉంటుంది, కదిలించొద్దన్నాడు. నానమ్మ లేచి నిలబడింది. వాళ్ళంతా గుమ్మం దాటితే ఇక ఇంట్లో అత్త ఒక్కతే.

పిల్లి వెళ్ళి వీధి గుమ్మానికి అడ్డంగా నిలబడింది.

"జరుగమ్మా" అన్నాడు నాన్న.

అది జరగలేదు. టీచరమ్మ దాని తల నిమిరి, మీ అత్త చేతిలో ఏం మహిమ ఉందో అంది. ఆ పొద్దున రాసింది చదివి తను ఏడ్చేశానంది. తెల్లవారుజామున వాన పడటం, తీగమీద బట్టలన్నీ తడిసిపోవడం, వాటిని మళ్ళీ పిండుతూ ఆమె నవ్వుకోవడం. అంత చిన్న సంగతిలో ఎంత ధైర్యం ఉందో అంది.

"వాన ఎక్కడ పడింది?" అంది పిల్లి.

దాని గొంతు విని అందరూ తిరిగి చూశారు.

"చెప్పండి, ఎక్కడ పడింది వాన? నాన్నా, పొద్దున నువ్వే చదివావు. నానమ్మా, నువ్వే విన్నావు."

నాన్న వీధిలోకి చూశాడు. షెడ్డు ముందు ఆరుబయట పెట్టిన మోటార్ల మీద వేలు పెడితే అచ్చు పడేంత దుమ్ముంది. వాన పడి ఎన్నాళ్ళయిందో అతనికి వెంటనే గుర్తు రాలేదు. పొద్దున చదివేటప్పుడు, వింటున్నప్పుడు, ఒక్కరికీ అది తట్టలేదు.

"అవి ఎప్పుడో రాసి పెట్టినవి" అంది పిల్లి. ఇక ఆగలేదు, కట్ట తెగినట్టు చెప్పేసింది. అత్త నడవడం లేదు. నిద్రపోవడం లేదు. మంచం దిగడమే లేదు. ఇవాళ తలంటుకుంది, గది ఊడ్చింది, నాకు ఫోను ఇచ్చేసింది, మనందరినీ పొమ్మంటోంది. సూటిగా అడిగాను, కాదనలేదు.

"మరి అన్నం?" అంది నానమ్మ. "పళ్ళెం ఖాళీగా వస్తోందిగా?"

"నేను తిన్నాను నానమ్మా. రోజూ నేనే తిన్నాను."

నానమ్మ దాని బుగ్గల వైపు చూసింది. ఆవిడ ముఖంలో నవ్వు మొత్తం ఇంకిపోయింది. కొడుకు చెయ్యి విదిలించుకుని మెట్ల వైపు తిరిగింది.

అప్పటిదాకా వసపిట్టలా మాట్లాడిన టీచరమ్మ ఒక్కసారిగా వేరే మనిషైపోయింది. అత్తకు వైద్యం చేసిన డాక్టరమ్మ ఎవరో అడిగి ఫోన్ కలిపింది. సభ ఈ రోజు లేదని ఇంకెవరికో రెండు ముక్కల్లో చెప్పేసింది. డాక్టరమ్మ ఇప్పుడే బయల్దేరుతున్నానంది, ఈలోగా మనిషిని ఒక్క క్షణం ఒంటరిగా వదలొద్దంది, తిట్టొద్దు, నిలదీయొద్దు, పక్కన కూర్చోండి చాలంది. అమ్మ దువ్వెన చేత్తో పట్టుకుని అలాగే నిలబడిపోయింది. "పిల్లి నాకు ముందే చెప్పింది, నేనే వినలేదు" అని గొణిగింది.

నానమ్మ మెట్లమీద కూర్చుని, చేతులతో ఊతం పట్టి, వెనక్కి వెనక్కి జరుగుతూ ఒక్కో మెట్టే ఎక్కింది. కాళ్ళు మడతపడినప్పుడల్లా పళ్ళు బిగబట్టింది. పట్టుకోబోతే వద్దంది. నాన్న ఆవిడను దాటుకుని ముందు వెళ్ళాడు. వెనకాల పిల్లి.

అత్త తలుపు దగ్గరే నిలబడి ఉంది. కింద మాటలన్నీ విన్నట్టుంది. ఆ తేటదనం ముఖంలో లేదు. కాలిన తీగలా ఉంది.

"దానికి అన్నీ భయాలే అన్నయ్యా" అంది. "మీరు వెళ్ళండి, ఆలస్యమవుతోంది."

నాన్న జేబులోంచి స్క్రూడ్రైవర్ తీసి, తలుపు లోపలి గడియ మరలు ఒక్కొక్కటే విప్పాడు. ఒక మర కింద పడింది, వెతికి తీసుకున్నాడు. గడియ ఊడదీసి జేబులో వేసుకున్నాడు. అప్పుడు, చెల్లెలి ముఖం చూడకుండా, "రోజూ చదువుతూనే ఉన్నానమ్మా" అన్నాడు. వెళ్ళి గదిలో నేలమీద చతికిలబడ్డాడు.

నానమ్మ చివరి మెట్టెక్కి, గోడ పట్టుకుని లేచి, లోపలికి నడిచి మంచంమీద కూర్చుంది. "నేనిక దిగను" అంది. "దిగలేను కూడా. ఇక్కడే పడుంటాను నీ దగ్గర. రా తల్లీ." పక్కన చెయ్యి వేసి చూపించింది.

అత్త ఆ చేతిని చూసింది. నాన్నను చూసింది. తల ఊపింది.

"ఉండండి" అంది.

పిల్లి కూడా గుమ్మం దాటబోయింది. కాలు లోపల పెట్టకముందే అత్త చెయ్యి తలుపుమీద పడింది. ఇంత దగ్గరగా అత్త కళ్ళు చూడటం దానికి కష్టంగా ఉంది. చూడకుండా ఉండటం ఇంకా కష్టంగా ఉంది.

"అత్తా, నువ్వే రాశావు, దాచొద్దని" అంది. గొంతు మళ్ళీ పాత పిల్లి గొంతే.

"రాశాను" అంది అత్త. "నిన్ను నమ్మాను కూడా. నువ్వు మాత్రం రావద్దు."

తలుపు నెమ్మదిగా, చప్పుడు లేకుండా, దాని ముఖం మీదే మూసింది.