నూటపదహారుతో బయలుదేరిన ఓడ

మా యజమాని జయరామయ్యకు సున్నా అంటే గిట్టదు. పెళ్లి చదివింపులైనా, దేవుడి ముడుపైనా నూటపదహారే. సున్నాతో ఆగితే అశుభమంటాడు. ఆ పిచ్చి చదివింపుల దాకా ఉండుంటే నా బతుకు ఇట్లా తగలబడేది కాదు.

నా మొగుడు హజరత్తయ్య ఆయన తెరచాప ఓడను నడిపే తండేలు. కృష్ణపట్నం నుంచి మద్రాసుకు ఉప్పు వేసుకెళ్లి, అక్కడి సరుకుతో తిరిగొచ్చేవాడు. అరవై రెండులో జయరామయ్య మద్రాసులో ఒక దొర దగ్గర లెక్కల మర కొన్నాడు. మిరియాలు విసిరే మరలాగా గుప్పిట్లో ఇముడుతుంది. మిట్టమధ్యాహ్నం సూర్యుడి ఎత్తు కొలిచి, ఆ అంకెలు మరలో పెట్టి పిడి తిప్పితే, ఓడ ఉత్తరానికి ఎంతవరకు వచ్చిందో చూపిస్తుంది.

లెక్కకు ముందు మరను సున్నాకు తేవాలి, లేకుంటే అందులో ఉన్న అంకె కొత్త లెక్కలో కలిసిపోతుంది. జయరామయ్య ఒప్పుకుంటేగా. ప్రయాణం రోజున దానికి పసుపు కుంకుమ పెట్టి, తన చేత్తో నూటపదహారు తిప్పి ఇచ్చేవాడు.

"దీన్ని సున్నా చేసినావంటే నా ఓడ సున్నా అవుతాది. నీ బిడ్డల మీద ఒట్టెయ్," అన్నాడు.

ఈయన వేశాడు. అన్నం పెట్టే చెయ్యి, కాదంటే ఎట్లా? లెక్కయ్యాక నూటపదహారును మనసులోనే తీసేసుకుని, మరను మళ్లీ నూటపదహారు దగ్గరే నిలిపేవాడు. మరలో చివరి అంకె మైలులో పదో వంతు; తీసెయ్యకపోతే ఓడ ఉత్తరానికి పదకొండున్నర మైళ్లు ముందున్నట్టు చూపిస్తుంది. ఈ సంగతి నాకొక్కదానికే చెప్పాడు. శుభాన్ని తుడిచేశాడని యజమాని పని పీకేస్తాడని ఆయన భయం.

మూడో ఏడు, మద్రాసు నుంచి వస్తుంటే తెరచాప వాసం తల మీద పడి ఆయనకు స్పృహ తప్పింది. ఆయన పక్కన పనిచేసే ఓబయ్య తానే పిడి తిప్పి, వచ్చింది వచ్చినట్టు చదువుకున్నాడు. దారిలో దుగరాజపట్నం ఎదురుగా నీళ్ల కింద ఇసుక తిన్నె ఉంది. అది దాటేశామనుకుని ఒడ్డువైపు మళ్లించాడు. ఓడ తిన్నెకెక్కి పగిలింది. ఈదగలిగినవాళ్లు ఈదారు. మా ఆయనకు తెలివే రాలేదు.

ఓబయ్య మరను మొలకు కట్టుకుని ఒడ్డెక్కాడు. నా గడపలో కూర్చుని ఏడిస్తే, నూటపదహారు సంగతి నేనే చెప్పాను. తల బాదుకున్నాడు.

కర్మాంతరం రోజు జయరామయ్య వచ్చి, అందరి ముందూ, "మరను సున్నా చేసుంటాడు. ఒట్టు తప్పి నా ఓడను ముంచినాడు," అన్నాడు.

నాకు ఒళ్లు మండిపోయింది. "ఒట్టు నిలబెట్టుకున్నందుకే చచ్చినాడయ్యా. ఓబన్నా, నువ్వు చూసినావు గదా, చెప్పు," అన్నాను.

ఓబయ్య తల ఎత్తలేదు. "సున్నానే ఉండిందయ్యా," అన్నాడు.

కొత్త ఓడకు అతనే తండేలు. అతని పక్కన పని చేసేది అతని బామ్మర్ది. ఓబయ్య పడిపోతే లెక్క చూడాల్సింది ఆ బామ్మర్దే. నూటపదహారు తీసెయ్యాలని అతనికి ఎవరు చెబుతారు? అక్కసు దిగమింగి, ఓబయ్య పెళ్లాం మస్తానమ్మ చెవినైనా వేద్దామని రేవుకు పోయాను. జయరామయ్య మర తిప్పి, ఓబయ్య చేత ఒట్టేయిస్తున్నాడు.

మస్తానమ్మ హారతి పళ్లేనికి కొంగు అడ్డం పెట్టుకుంది. "ముండమోపివి, బయలుదేరేటప్పుడు ఎదురొస్తావా అక్కా? పక్కకు పో," అంది.

పక్కకు పోయాను. ఏమీ చెప్పలేదు.