కెజియా కంచం

సుస్మిత యూనివర్సిటీ నుంచి సెలవులకొచ్చి సంచీ దించిందో లేదో, వదిన కరుణ మొదలెట్టింది.

"బీఈడీ సీటొస్తే వద్దన్నావంట. సోషల్ వర్కంట. మీ అన్నయ్య అంబాజీపేటలో లారీలకి కొబ్బరికాయలెత్తేది ఇందుకేనా?"

"చెప్తాను వదినా."

"ఏం చెప్తావు? నన్ను ఎనిమిదిలో మానిపించేసేరు. ఇంట్లో నువ్వైనా టీచరైతే నా పిల్లకో దారి చూపిస్తావనుకున్నాను. జనాల కష్టాలడగడానికి అంత దూరమెందుకు? ఇక్కడ కూర్చో, నేనే చెప్తాను. ఫీజు కూడా అక్కర్లేదు."

సుస్మిత నవ్వింది. ఆ నవ్వుకి కరుణ ఒళ్లు మండిపోయింది.

"నవ్వింది చాల్లే. అంగన్‌వాడీకెళ్లి పిల్లని తీసుకురా. కంచం మర్చిపోకు."

ఆ స్టీలు కంచమంటే కరుణకి ప్రాణం. పిల్లని చేర్పించిన రోజున, కంచం ఇంటి దగ్గర నుంచే తేవాలని టీచరు రామలక్ష్మి చెప్పింది. ఒకరి కంచంలో ఒకరు తింటే జబ్బులొస్తాయి కాబోలు, మంచి పద్ధతే అనుకుంది కరుణ. పిల్లకి కాస్త ఒళ్లు వెచ్చబడితేనే నిద్రపోని మనిషి. మలికిపురంలో కొత్త కంచం కొని, అంచు మీద 'కెజియా' అని పేరు కొట్టించింది. రోజూ బూడిదతో అద్దంలా తోమి పంపేది. ఊరవతలున్న తమ పేటలో తల్లులందరికీ తనే నచ్చజెప్పి కంచాలు పట్టించింది.

సుస్మిత పిల్లతో తిరిగొచ్చి కంచం గట్టు మీద పెట్టింది. ఇప్పుడు నవ్వడం లేదు.

"లోపల కంచాలు బోల్డున్నాయి వదినా. ఊళ్లో పిల్లలు అరుగు మీద కూర్చుని వాటిలోనే తింటన్నారు. ఇంటి కంచాలు మన పేట పిల్లలకే. మనోళ్లు కింద, కొబ్బరిచెట్టు కాడ."

కరుణ ఆ కంచం చేతిలోకి తీసుకుంటే, సుస్మిత చెప్పుకుపోయింది.

"నా చిన్నప్పుడూ ఇంతే. అమ్మ కూడా నా కంచం ఇలాగే తోమేది. తెలిసే తోమేది. టీచర్నైతే నా క్లాసు వరకే నా మాట చెల్లుద్ది. ఈ రూలు ఎవరు పెట్టేరని ఊరూరా తిరిగి అడిగే పని కావాలి నాకు. అందుకే ఇది తీసుకున్నాను."

ఆ రాత్రి కరుణ ఆ కంచం తోమలేదు. అత్తగారు తెలిసి తోమింది. తను తెలియక తోమింది, పైగా పదిమంది చేత తోమించింది.

మర్నాడు కెజియాని చంకనెత్తుకుని ఉత్త చేతులతో బయల్దేరింది. సుస్మిత వెనకే నడిచింది. కరుణ పిల్లని తిన్నగా అరుగు మీద కూర్చోబెట్టి, పక్కన తనూ కూర్చుంది. ఉప్మా గిన్నెతో వచ్చిన రామలక్ష్మి ఆగిపోయింది.

"కంచం ఏదమ్మా?"

"తేలేదండి. లోపలున్నయ్యి కదండీ, ఒకటి పెట్టండి."

"అలా కుదరదమ్మా. అంగన్‌వాడీకి ఈ ఇల్లద్దెకిచ్చినవాళ్లు ఏవంటారో..."

సుస్మిత ముందుకొచ్చింది. కరుణ చెయ్యి అడ్డం పెట్టింది.

"నువ్వాగు. నీ చదువయ్యేదాకా నా పిల్లని కింద కూర్చోబెట్టలేను."

రామలక్ష్మి గొంతు తగ్గించింది. "ఇదేవన్నా బావుందా? రేపట్నించి మీ పేటవాళ్లందరూ ఇలాగే వస్తారా?"

"ఆయ్, వస్తారండి. కంచాలు పట్టుకెళ్లమని ఇంటింటికీ తిరిగి చెప్పింది నేనే. పట్టుకెళ్లొద్దనీ నేనే చెప్తాను. ముందు మా పిల్లకి పెట్టండి, చల్లారిపోతంది."