పీతకొంగ పొట్ట మీద గుర్తు

పెందుర్తిలో మందుల షాపును ఆనుకుని దుర్గ జిరాక్స్ కొట్టు ఉంది. ఒక మధ్యాహ్నం ఆధార్ కార్డుల రద్దీ తగ్గాక ఒకమ్మాయి లోపలికి వచ్చి, ఏ కాగితమూ తియ్యకుండా నిలబడింది. పేరు జ్యోతిర్మయి అని, రుషికొండలో తీరం కంపెనీలో రాత పని చేస్తున్నానని చెప్పి, ఫోను ఇటు తిప్పి చూపించింది. తెర మీద చిన్న చిన్న నల్ల గళ్లతో కట్టిన ఒక పక్షి. మెడ కొంగది. కాళ్లు పీతవి.

"దీన్ని గీసింది మీరేనని పాత ప్రెస్సాయన ఒకరు చెప్పారు మేడం. నిజమేనా?"

దుర్గ చేతిలోని స్టాప్లర్ బల్ల మీద పెట్టింది. ఈ మాట ఎవరైనా అడుగుతారని ఆమె చాలా ఏళ్లు చూసింది. అడగలేదు. చూడటం మానేసిన చాలా కాలానికి, ఇదిగో, ఇప్పుడు అడుగుతున్నారు.

కూర్చోమని స్టూలు జరిపి, మెల్లగా చెప్పడం మొదలుపెట్టింది.

జాలరిపేటలో టైపు పరీక్ష ప్యాసైన మొదటి ఆడపిల్ల ఆమె. అప్పట్లో ద్వారకా నగర్‌లో ఒక కోచింగ్ సెంటర్ పైఅంతస్తులో రమణమూర్తి గారు రెండు కంప్యూటర్లు పెట్టుకుని, ప్రెస్సులవాళ్లు తెలుగులో పేజీలు కట్టుకునే సాఫ్ట్‌వేర్ తయారుచేస్తుండేవారు. దాని పేరు తీరం. దుర్గ అక్కడ టైపు చెయ్యడానికి చేరింది. అంతా బాగానే ఉంది గానీ, ప్రింటు తీసేటప్పుడు కాగితం నిలువుగా వస్తుందో అడ్డంగా వస్తుందో ప్రెస్సువాళ్లకు అర్థమయ్యేది కాదు. పెళ్లి కార్డులు తలకిందులుగా అచ్చయ్యేవి. కాగితం బొమ్మ వేసి, దాని మీద ఏదైనా ప్రాణిని నిలబెడితే తల ఎటో కాళ్లెటో తెలుస్తుందని రమణమూర్తి గారు ఆలోచించారు. ఆ ఆలోచన మాత్రం ఆయనదే. దుర్గ ఎప్పుడూ కాదనలేదు.

ఆయన హంసను వెయ్యమన్నారు. పాలనూ నీళ్లనూ వేరుచేసే పక్షి కదా, చదువుకు సంబంధించినదిగా ఉంటుందని. ప్రోగ్రాము రాసే అర్జునరావు గారికి బొమ్మలు రావు. తెర మీద చిన్న గళ్ల పలక తెరిచి, ఏ గడి నింపితే నలుపు, ఏది వదిలేస్తే తెలుపు అని దుర్గకు చూపించి వెళ్లిపోయారు. ఆమెకు అది కొత్తగా అనిపించలేదు. వల కన్నుల్లాగే ఉంది. చిన్నప్పటి నుంచి తెగిన కన్నులు పూడ్చిన చెయ్యి. ఏ కన్ను దగ్గర ఆగాలో, ఏది దాటాలో ఆ వేళ్లకు తెలుసు.

చిక్కల్లా హంస. ఆమె హంసను చూసింది క్యాలెండర్లో, సరస్వతి పక్కన కూర్చున్నదాన్నే. కూర్చున్న హంసకు కాళ్లు కనబడవు. మెడ వరకూ ఒడ్డున తిరిగే కొంగను తలుచుకుని గీసింది. కాళ్ల దగ్గరకు వచ్చేసరికి, ఆమెకు కళ్లు మూసుకున్నా కనిపించే కాళ్లు పీతవే. అవే పెట్టింది. పొద్దున్న చూసి అర్జునరావు గారు కుర్చీలోంచి జారిపోయేంత నవ్వారు. రమణమూర్తి గారు నవ్వలేదు, ప్రస్తుతానికి ఉండనివ్వండి, తర్వాత మారుద్దామన్నారు. ఎవరూ మార్చలేదు. ఆర్నెల్లు తిరక్కుండా ఊళ్లూళ్ల ప్రెస్సుల నుంచి ఫోన్లు. అయ్యా, మా పీతకొంగ పడుకుంది, ఎలా లేపాలి? పీతకొంగ తలకిందులైంది, కాగితం ఎటు పెట్టాలి? పేరు కూడా వాళ్లే పెట్టేశారు.

"దాని పొట్ట మీద చూశావా అమ్మా," అంది దుర్గ. "మూడు చుక్కలు, కింద వాలుగా ఒక గీత."

జ్యోతిర్మయి తెరను వేళ్లతో పెద్దది చేసి చూసింది. అందరూ దాన్ని ఈకలు అనుకుంటారని చెప్పింది.

"ఈకలు కాదు. మా నాన్న వల గుర్తు."

జాలరిపేటలో ఏ ఇంటి గుర్తు ఆ ఇంటిదే. వల తేలడానికి కట్టే బెండ్ల మీద ఎర్ర రంగుతో వేస్తారు. గాలివానకు వల తెగి ఏ భీమిలి ఒడ్డుకో కొట్టుకుపోతే, దొరికినవాళ్లు గుర్తు చూసి ఇంటికి తెచ్చి ఇస్తారు. నీదేనని రుజువేమిటని ఎవరూ అడగరు. గుర్తు ఉంది, అంతే. దుర్గ కూడా బొమ్మ పూర్తయ్యాక ఆ గుర్తు వేసి, ఇక ఇది నాది అనుకుంది. సాఫ్ట్‌వేర్ తెరవగానే కనబడే పేర్లలో రమణమూర్తి గారి పేరు, అర్జునరావు గారి పేరు చేర్చిన రోజు ఆమె పక్కనే ఉంది. నా పేరు కూడా వెయ్యండని అడగాలన్న ఊహే రాలేదు. గుర్తు వేసిన వస్తువుకు మళ్లీ పేరెందుకు? తర్వాత పెళ్లయి పెందుర్తి వచ్చేసింది. కొంగ అక్కడే ఉండిపోయింది.

ఇప్పుడు కంపెనీ పెద్ద ఉత్సవం చేస్తోందట. సాఫ్ట్‌వేర్‌లోంచి ఎప్పుడో తీసేసిన పీతకొంగను పాత ఆపరేటర్లు ఫోన్లలో పంపుకుని మురిసిపోతుంటే, దాన్ని మళ్లీ కంపెనీ బొమ్మగా తెస్తున్నారట. గోడ నిండా దాని చరిత్ర రాయాల్సింది జ్యోతిర్మయే. "మీ పేరు పెద్దక్షరాలతో వేయిస్తాను మేడం," అందా పిల్ల. శ్రీకాకుళం వైపు రైతుల బిడ్డ. అబద్ధం చెప్పే మొహం కాదు.

మరుసటి ఆదివారం దుర్గ ఆ అమ్మాయిని జాలరిపేట తీసుకెళ్లింది. తమ్ముడు నాగబాబు ఒడ్డున వల బాగుచేసుకుంటున్నాడు. ఎర్ర చుక్కల బెండ్లు చూడగానే జ్యోతిర్మయి మొహం వెలిగిపోయింది. ఒంగి, కూర్చుని, బెండు చేతిలోకి తీసుకుని ఫొటోల మీద ఫొటోలు తీసింది. ఇంతకన్నా ఆధారం ఇంకేం కావాలి అంది.

ఆ పిల్ల వెళ్లాక నాగబాబు బీడీ ముట్టించాడు. "ఏటక్కా, ఇన్నేల్ల తరవాత కొంగ గుడ్డెట్టిందా?"

"పేరు వేస్తారట్రా."

"ఏత్తే ఎయ్యనీ. ఆల్ల సేతికి బెండు ఎందుకిచ్చినావు? అది నాకు నచ్చలేదు."

దుర్గ నవ్వేసింది. ఆ వారమంతా కొట్టుకు వచ్చినవాళ్లకు ఒక కాపీ ఎక్కువే తీసి ఇచ్చింది.

ఉత్సవం దగ్గర పడ్డాక జ్యోతిర్మయి ఫోన్ చేసింది. గొంతు మునుపటిలా లేదు. తప్పకుండా రావాలని, వేదిక మీద సన్మానం ఉందని చెప్పి, జాలరి కట్టు చీరలో రాగలరా, తల మీద తట్ట ఉంటే బాగుంటుందని దేవీప్రసాద్ గారు అడిగారంది. దేవీప్రసాద్ రమణమూర్తి గారి కొడుకు. ఇప్పుడు కంపెనీ నడిపేది అతనే.

తట్ట ఎందుకని దుర్గ అడగలేదు. ఒక్కటే అడిగింది. "నా పేరుందా అమ్మా గోడ మీద?"

"ఉంది మేడం."

దుర్గ పెళ్లిళ్లకు కట్టే పట్టుచీర కట్టుకుని వెళ్లింది. కొండ మీద అద్దాల మేడ. లోపల గోడంతా పీతకొంగే. కొత్తగా గీశారు, ఒళ్లు నున్నగా, కాళ్లు గుండ్రంగా. పొట్ట మీద ఎర్రటి మూడు చుక్కలు, వాలు గీత. పక్కన నాగబాబు బెండ్ల ఫొటో, మనిషెత్తున. దాని కింద అక్షరాలు. దుర్గ కళ్లజోడు పెట్టుకుని చదివింది.

ఒక సాయంత్రం రమణమూర్తి గారు జాలరిపేట ఒడ్డున నడుస్తుండగా వల బెండ్ల మీద ఈ గుర్తు ఆయన్ని ఆకట్టుకుందట. ఆఫీసు మెట్ల దగ్గర చేపలు అమ్ముకునే దుర్గమ్మ అనే జాలరి మహిళ ఆ గుర్తు కథను ఆయనకు చెప్పిందట. ఆ రాత్రే ఆయన పీతకొంగకు ప్రాణం పోశారట.

పేరు ఉంది. పెద్దక్షరాలే.

దుర్గ ఏనాడూ చేపలు అమ్మలేదు. ఆమె టైపు నేర్చుకోవాలని తల్లి చిట్టమ్మ అమ్మింది.

వెనక జ్యోతిర్మయి నిలబడి ఉంది. "నేను రాసింది ఇది కాదు మేడం. దేవీప్రసాద్ సార్ మార్చారు. పెద్దాయన ఎప్పటి నుంచో ఇలాగే చెబుతారట. మీ గుర్తు ఫొటో చూసి, చూశారా, నాన్నగారు ఒడ్డున చూసింది ఇదే, ఆధారం దొరికింది అన్నారు."

"నువ్వు తీసిన ఫొటోయే కదూ?"

ఆ పిల్ల తలదించుకుని ఔనంది. ఉద్యోగంలో చేరి ఏడాది కూడా కాలేదని ఎందుకో చెప్పబోయి, సగంలో ఆపేసింది.

వేదిక పక్కన తట్ట సిద్ధంగా ఉంది. అందులో ప్లాస్టిక్ చేపలు. చీర వేరేదైనా తట్ట ఉంటే చాలని ఎవరో కుర్రాడు దాన్ని ఆమె చంకకు ఆనించి వెళ్లిపోయాడు. రమణమూర్తి గారు చక్రాల కుర్చీలో ఉన్నారు. ఆమెను చూసి చల్లగా నవ్వారు. "బాగున్నావా అమ్మా, చేపలు బాగా పడుతున్నాయా?"

దుర్గ ఆయన మొహంలోకి చాలాసేపు చూసింది. దొంగతనం దొరికినవాడి బెదురు ఎక్కడైనా ఉందేమోనని వెతికింది. లేదు. ఇన్నేళ్లూ అదే కథ చెప్పీ చెప్పీ ఆయన నిజంగానే ఆ ఒడ్డున నడిచేశారు. ఆ కథలో దుర్గకు కుర్చీ లేదు, కంప్యూటర్ లేదు. మెట్ల దగ్గర చోటు మాత్రం ఉంది.

దేవీప్రసాద్ శాలువా కప్పి, రెండు మాటలు చెప్పమ్మా అని మైకు నోటి దగ్గర పెట్టాడు. కొట్లో రోజంతా మాట్లాడే పద్ధతైన మాట ఆ నిమిషాన ఆమెకు అందలేదు.

"ఈ బొమ్మ నాను గీసేను," అంది.

దేవీప్రసాద్ మైకు తన వైపు తిప్పుకున్నాడు. "విన్నారుగా. మన పీతకొంగను ఈ అమ్మ తన సొంత బొమ్మ అనుకుంటోంది. ఇంతకన్నా మనకు ఏం కావాలి?"

చప్పట్లు మోగాయి. ముందు వరసలో కొందరు లేచి నిలబడి మరీ కొట్టారు. దుర్గ తట్టను చంకన అలాగే పట్టుకుని మెట్లు దిగింది. తట్ట ఎవరికివ్వాలో తెలియక తలుపు దగ్గర కింద పెట్టి వచ్చేసింది.

ఉత్సవం కోసం రుషికొండ ఒడ్డు పొడుగునా కంపెనీవాళ్లు వల ముక్కలూ, ఎర్ర చుక్కల బెండ్లూ తోరణాలుగా కట్టారు. ఉత్సవం అయిపోయినా ఎవరూ విప్పలేదు. వానాకాలం మొదట్లో గాలి రేగి నాగబాబు వల తెగిపోయింది. రెండు రోజులు చూశాడు, మూడు రోజులు చూశాడు. ఎవరూ తీసుకురాలేదు. చివరికి తనే ఒడ్డు వెంట వెతుక్కుంటూ వెళ్తే మంగమారిపేట దగ్గర దొరికింది, సగం. అక్కడి జాలర్లు దాన్ని మొదటిరోజే చూశారట. గుర్తు చూసి, కంపెనీవాళ్ల అలంకారం గాలికి కొట్టుకొచ్చింది కాబోలని వదిలేశారట. మిగతా సగంలోని బెండ్లను షికారుకు వచ్చినవాళ్లు కోసుకుని పట్టుకుపోయారు.

దుర్గ కబురు తెలిసి జాలరిపేట వెళ్లింది. నాగబాబు అక్కను ఒక్క మాట అనలేదు. కొత్త బెండ్లు రాశిగా పోసి, రంగు డబ్బా మూత తీసి పెట్టాడు.

"మన గుర్తు ఇంక మనది కాదక్కా. ఏరేది ఏదన్నా గియ్యి. నీకు సేతనవును గదా."

ఆమె కుంచె తీసుకుంది. చాలాసేపు ఏమీ గియ్యలేదు. తర్వాత బెండు ఒళ్లో పెట్టుకుని, అచ్చులో పోసినట్టు నిలువైన అక్షరాలతో రాసింది: నాగబాబు, జాలరిపేట. కింద ఫోన్ నంబరు.

నాగబాబు ఆ బెండును అటూ ఇటూ తిప్పి చూశాడు. "అచ్చరాలు ఉప్పునీల్లకి నిలవవు. సుక్కలైతే ఏల్లకేల్లు ఉండీవి."

దుర్గ రంగు ఆరేదాకా దాన్ని పక్కన పెట్టి, ఇంకో బెండు తీసుకుంది.