అల్లుడి కారు చక్రాల్లో గాలి

“ఏటి ఉమామహేష్ బావా, కారు కొని నెల తిరక్కుండానే మెకానిక్కుతో వియ్యమందినావంట! గాలి తక్కువుందని దీపం ఎలిగితే కారుకి దిష్టి తీయించినావంట కదా! నిమ్మకాయకి టైర్లో గాలి ఎక్కుద్దేటి? ఇలా కూకో. మా గోపీ కారు సంగతి సెప్తాను, ఇను.”

గోపి మా అక్క పాపాయమ్మ అల్లుడు. గోదావరి వైపు మనుషులు. వాళ్ళ నాన్న స్టీలుప్లాంటు ఉద్యోగానికని వచ్చి గాజువాకలో ఉండిపోయాడు. మాటకి చివర ‘అండి’ తగిలిస్తే గాని గోపికి నోరు మూతపడదు. ఆదివారమైతే చాలు, పెళ్ళాన్ని, అంటే మా అక్క కూతురు దుర్గని, ఎక్కించుకుని భీమిలి వస్తాడు. మా వీధి చివర తారురోడ్డు అయిపోయి ఇసుక మొదలవుతుంది. కారు అక్కడే పెడతాడు.

సాయంత్రం తిరిగి వెళ్తుంటే తగరపువలస చేరేసరికి స్టీరింగు వెనకాల పసుపు దీపం వెలిగేది. చట్టిలో తెడ్డు నిలబెట్టినట్టు ఉంటుందే, అది. గాలి పట్టించేవాడు, ఆరిపోయేది. వారమంతా కారు బుద్ధిగా ఉండేది. ఆదివారం భీమిలి వచ్చి వెళ్ళాడా, మళ్ళీ దీపం. మెకానిక్కు చూసి పంచరు లేదన్నాడు. ఇక అనుమానానికి మిగిలింది నేను. అంతకుముందు అతని సీటు కింద ఎండునెత్తళ్ళ చేపల పొట్లం దాచి కారంతా కంపు చేసిన ఘనత నాదే మరి.

“నూకాలు మావయ్యగారూ, సరదాకి ఒక హద్దుండాలండి. ఏడో నెల మనిషిని పక్కన కూర్చోబెట్టుకుని హైవే మీద వెళ్తున్నానండి. ఇంకోసారి ఆ దీపం వెలిగితే మేం భీమిలి రామండి.”

“నాను కాదు అల్లుడా! నిజంగా నాను కాదు!”

“ఎండునెత్తళ్ళప్పుడు కూడా ఇదే మాటన్నారండి.”

నా జన్మకి ఒక్కసారి నిజం చెబితే దానికి గిరాకీ లేదు. దుర్గ రాకపోతే మా అక్క ఏమైపోతుందో నాకు తెలుసు. ఆ పై ఆదివారం అందరూ తిని నడుం వాల్చాక, ఇసుకలో బోర్లించిన పడవ వెనక నక్కి కూర్చున్నాను. దొంగ దొరికితే వీపు విమానం మోత మోగించాలని చెయ్యి తడుముకుంటున్నాను.

అటూ ఇటూ చూసుకుంటూ వచ్చింది మా అక్క. ముందు చక్రం దగ్గర గొంతుక్కూర్చుని, కొంగున కట్టిన మేకు తీసి, గాలి ఎక్కించే గొట్టం మూతిలో నొక్కింది. ఉస్సుమంది.

“ఓలప్పా! ఏటి సేత్తన్నావ్?”

“అరవకురా! బోటు లాగీ బండికి మీరు గాలి తీయరేటి? సక్రం గట్టిగుంటే ఇసకలో కూరుకుపోద్ది. మెత్తగుంటే తేలతాది.”

“అది ఇసకకి అప్పా! రోడ్డు మీద అదే మెత్త సక్రం ఏడెక్కి పేలిపోద్ది. గోపీతో ఒక్కమాట సెప్పలేకపోయినావా?”

“అల్లుడికి ఎదురుపడి మాటాడతానేటి?”

నిజమే. అల్లుడికి కావలసినవన్నీ వండి, తలుపు చాటు నుంచి కంచం అందించే మనిషి ఆవిడ.

“మరి దుర్గతోనైనా...”

“అది నీకేటి తెలుసంటాది. మొదటిపాలి కారు దిగబడిపోతే ఈదంతా వొచ్చి తోసినారు. నువ్వేటి సేసినావు? తోయడం మానీసి, ఆ బాబు ప్యాంటుకంటిన ఇసక సూపించి అందర్నీ నవ్వించినావు. అతగాడి మొకం నాను సూసినాను. మళ్ళీ నీ నోట్లో పడకూడదనే ఇదంతా.”

ఆ నవ్వు నేను ఆ సాయంత్రానికే మరిచిపోయాను. మా అక్క మాత్రం ఇన్నాళ్ళూ దాన్ని కొంగున కట్టుకుని తిరిగింది.

పక్కవీధిలో పంపు అడిగి తెచ్చి ఆ చక్రం గట్టిపడేదాకా కొట్టాను. చొక్కా తడిసిపోయింది. గోపికి నిజం చెబితే ఈవిడ సిగ్గుతో తలుపు చాటుకి కూడా రాదు. అందుకని నేనే అతని దగ్గరికి వెళ్ళాను.

“అల్లుడా, గాలి తీసింది నానే. ఇంక తీయను. నువ్వు మాత్రం రావడం మానకు.”

గోపి నవ్వాడు.

“అత్తయ్యగారికి నచ్చజెప్పేశారాండి?”

“ఏటి?”

“కారు అద్దం దగ్గర కెమెరా ఉందండి. కారు ఆపినా చూస్తూనే ఉంటుంది. అత్తయ్యగారు చక్రం దగ్గర కూర్చుని కొంగులోంచి మేకు తీయడం ఎప్పుడో చూశానండి. అప్పట్నుంచి వీధి మలుపులోనే గాలి పట్టించుకుని వెళ్తున్నాను. ఆవిడ నాతో మాట్లాడరు, నేను ఆవిడతో అనలేను. చెప్పగలిగేది మీరొక్కరే. చెప్పమని మిమ్మల్ని అడిగితే ఊరంతా నవ్విస్తారు. అందుకే నేరం మీ మీద మోపి, మిమ్మల్నే కాపలా పెట్టానండి.”