క్లచ్ మీద నల్ల టేపు

కట్టెల కుప్ప కదపగానే కందిరీగలు లేచాయి. అనిరుధ్ చేతిలో దుంగ పారేసి పరిగెత్తాడు గానీ, అప్పటికే మెడ మీద రెండు మూడు చోట్ల కుట్టేశాయి.

"ఎపిపెన్!" అని అరిచింది అతని భార్య దేదీప్య. "నీ బ్యాగేది?"

అనిరుధ్ గేటు వైపు చెయ్యి చూపించాడు. బ్యాగు కార్లో ఉంది. కారు తారురోడ్డు పక్కన, గేటు దగ్గర ఉంది. ముందురోజు కురిసిన వానకి మట్టిదారి బురదైపోయి కారు లోపలికి రాలేదు. వీకెండ్‌కి అద్దెకు తీసుకున్న ఈ కేబిన్ నుంచి గేటుకి అడవిలో రెండు మైళ్ళు. ఫోన్ సిగ్నల్ కూడా అక్కడికి వెళ్తేగాని రాదు.

కందిరీగ కుడితే అనిరుధ్‌కి గొంతు వాచి మూసుకుపోతుంది. బ్యాగులో ఉన్న ఆ ఇంజెక్షన్ పడితే బతుకుతాడు. నడిచి వెళ్ళి తెచ్చేంత వ్యవధి లేదు.

"ఏటీవీ మీద వెళ్తా. బావగారూ, మీరు అనిరుధ్‌ని పడుకోబెట్టండి, కాళ్ళు ఎత్తులో పెట్టండి," అంటూ దేదీప్య కేబిన్ వెనక నిలిపిన, బురదదారుల్లో నడిచే తన నాలుగు చక్రాల ఎర్ర ఏటీవీ దగ్గరికి పరిగెత్తింది.

జితేందర్ అనిరుధ్‌ని అరుగు మీద పడుకోబెట్టాడు గానీ, అతని కళ్ళు ఆ బండి మీదే ఉన్నాయి.

అతను దేదీప్య అక్క లక్ష్మీప్రియ భర్త. ఫార్మింగ్టన్ హిల్స్‌లో ఉంటాడు. కార్ల కంపెనీలో గేర్‌బాక్సులు డిజైన్ చేస్తాడు. లక్ష్మీప్రియ డ్యూటీ ఉండి ఈ ట్రిప్‌కి రాలేదు. ఆ ఏటీవీకి క్లచ్ లివర్ విరిగి ఉందని అతనొక్కడికే తెలుసు. విరగ్గొట్టింది అతనే.

ముందురోజు సాయంత్రం మంట చుట్టూ కూర్చున్నప్పుడు మొదలైంది ఇదంతా.

"గేర్‌బాక్స్ ఇంజనీర్ గారూ, మీ చేత్తో మీరు గేరు మార్చి ఎన్నేళ్ళయింది?" అంది దేదీప్య. "గేర్లు మీ కారు వేసిపెడుతుంది. కాఫీ మా అక్క కలిపిపెడుతుంది. ఇంక మీరు చేసేదేంటి?"

"మీ అక్కనడుగు. వరంగల్‌లో చదివేప్పుడు బైకుకి క్లచ్ కేబుల్ తెగితే సెమిస్టరంతా అలాగే తిరిగాను. క్లచ్ ముట్టుకోకుండా నీ బండికి అన్ని గేర్లూ వేస్తా, చూస్తావా?"

"కోయండి కోయండి. కోతలకి టాక్స్ లేదు."

"రేపు చూపిస్తారులేవే అన్నయ్య," అన్నాడు అనిరుధ్ నవ్వుతూ. తోడల్లుళ్ళిద్దరికీ మొదటినుంచీ మంచి స్నేహం.

తెల్లవారగానే, అనిరుధ్, దేదీప్య లేవకముందు, జితేందర్ బండిని గేటు దారి దాకా తోసుకెళ్ళి స్టార్ట్ చేశాడు. మరదలి ముందు అభాసుపాలు కాకుండా ఒకసారి ప్రాక్టీస్ చేసుకుందామనుకున్నాడు. సెకండ్, థర్డ్ క్లచ్ లేకుండానే వెన్నలా పడ్డాయి. పాతికేళ్ళ కిందటి హుషారు వచ్చేసింది. ఆ హుషారులోనే కాలు కూడా పాతికేళ్ళు వెనక్కి వెళ్ళిపోయింది. వరంగల్ బైకుకి ప్రతి గేరూ కిందికి తొక్కితే పడేది. ఈ బండికి ఫస్ట్ ఒక్కటే కిందికి, మిగతావన్నీ పైకి. ఫోర్త్ వేస్తున్నాననుకుని అతను కిందికి తొక్కాడు. సెకండ్ పడింది. వెనక చక్రాలు పట్టేసి, బండి అడ్డం తిరిగి, బర్చ్ చెట్టుకి కొట్టుకుంది. క్లచ్ లివర్ మొదలంటా విరిగింది. అతని కాలికీ దెబ్బ తగిలింది.

అతను చేసిన పని సిగ్గుపడాల్సిన పని. టూల్‌బాక్సులో నల్ల టేపు తీసి, ముక్కని యథాస్థానంలో పెట్టి చుట్టాడు. బురద తుడిచి, బండిని వెనక్కి తోసుకొచ్చి పెట్టాడు. కొత్త లివర్ తెప్పించి ఎవరికీ తెలియకుండా బిగించేద్దామనుకున్నాడు. టీ తాగుతూ, "ఇవాళ బురదగా ఉంది, బండి తియ్యొద్దు," అన్నాడు పెద్దరికంగా.

ఇప్పుడు దేదీప్య ఆ బండెక్కింది.

"నేను వెళ్తాను, దిగు," అన్నాడు జితేందర్ ఆమె వెనకే పరిగెత్తి.

"బురదలో నడపడం నాకలవాటు, మీకు కాదు. తప్పుకోండి!"

ఆ క్షణంలో చెప్పొచ్చు. మూడు మాటలు. అతను పక్కకి తప్పుకున్నాడు.

దేదీప్య ఇంజన్ ఆన్ చేసి క్లచ్ పట్టింది. లివర్ టేపుతో సహా ఊడి చేతిలోకి వచ్చింది. ఆమె దానికేసి చూసింది. టేపు చూసింది. తలెత్తి బావ ముఖం చూసింది.

"పొద్దున నేనే," అన్నాడు జితేందర్. "చెట్టుకి గుద్దాను. చెప్పలేదు."

అరుగు మీద పడుకుని అనిరుధ్ దగ్గుతున్నాడు. ఆ దగ్గులో ఈల లాంటి శబ్దం మొదలైంది.

"సిగ్గు తర్వాత పడుదురుగాని," అంది దేదీప్య. విరిగిన లివర్ పక్కన పారేసింది. "క్లచ్ లేకుండా వేస్తానన్నారుగా? ఎలాగో చెప్పండి. త్వరగా!"

"న్యూట్రల్‌లోనే ఉంచు. నేను తోస్తా. బండి పరుగందుకున్నాక ఫస్ట్‌లోకి తొక్కు. ఎగిరి దూకుతుంది, హ్యాండిల్ వదలకు. సెకండ్‌కి కాలివేళ్ళు గేర్ లివర్ కింద పెట్టి, ముందే కొంచెం పైకి ఒత్తి ఉంచు. యాక్సిలరేటర్ ఒక్కసారి వదిలెయ్. వదలగానే గేరు దానంతటదే పడుతుంది. వెంటనే మళ్ళీ యాక్సిలరేటర్ ఇవ్వు. థర్డ్‌కీ అంతే."

"అంతేనా?"

"అంతే."

కేబిన్ ముందు నేల గేటు దారి వైపు కొద్దిగా వాలుగా ఉంటుంది. జితేందర్ బండిని కేబిన్ ముందుకి తిప్పి, భుజం ఆనించి తోశాడు. బండి కదిలింది. దేదీప్య తొక్కింది. లోపల సుత్తితో కొట్టినట్టు చప్పుడైంది. బండి ముందుకి దూకింది, చెట్ల మధ్య మాయమైంది.

జితేందర్ కుంటుకుంటూ వచ్చి అనిరుధ్ పక్కన కూర్చున్నాడు. చెవులు మాత్రం అడవిలోనే ఉన్నాయి. ఇంజన్ శబ్దం విని ఏ గేర్లో ఉందో చెప్పడం అతని ఉద్యోగంలో భాగం. ఫస్ట్‌లో గోల పెడుతోంది. ఒక్క క్షణం తగ్గింది. టక్. సెకండ్. కాస్త కరుకుగా పడింది గానీ పడింది. ఇంకొంచెం దూరంలో థర్డ్ మెత్తగా పడింది. ఎంతో నేర్పుగా వేసిన గేరు అది. ఇంకో రోజైతే చప్పట్లు కొట్టేవాడు.

"అన్నయ్యా," అన్నాడు అనిరుధ్. పెదవులు వాచి మాట ముద్దగా వస్తోంది. "కాలు... మంచానికి తగిలిందన్నారు."

పొద్దున కుంటుతుంటే అడిగితే అలాగే చెప్పాడు జితేందర్.

"మాట్లాడకు అనిరుధ్. ఊపిరి తీసుకో."

"నాకు చెప్పాల్సింది," అన్నాడు అనిరుధ్. తర్వాత మాట్లాడ్డానికి అతనికి ఊపిరి చాల్లేదు. చెయ్యి చాపి జితేందర్ చొక్కా పట్టుకున్నాడు. తిట్టడానికో, భయంతోనో తెలియలేదు. జితేందర్ ఆ చెయ్యి మీద తన చెయ్యి వేశాడు. వేసే అర్హత ఉందో లేదో అనుకుంటూనే వేశాడు.

దూరంగా ఇంజన్ శబ్దం దగ్గినట్టు తెగి ఆగిపోయింది. గేటు చేరింది.

అప్పుడు తట్టింది అతనికి.

వెళ్ళడం చెప్పాడు. ఆపడం చెప్పలేదు. గేర్లో ఉండగా ఆపితే ఇంజన్ చస్తుంది. న్యూట్రల్‌కి తెచ్చి స్టార్ట్ చేసినా, కదిలించడానికి ఎవరో తోయాలి. గేటు దగ్గర వాలు లేదు. బండేమో ఇద్దరు మనుషుల బరువు. ఒక్కతే ఎలా కదిలిస్తుంది?

లేచాడు. గేటు వైపు పరిగెత్తాలనిపించింది. అనిరుధ్ పట్టు వదల్లేదు. అతని కళ్ళ చుట్టూ వాచిపోయింది, పెదవులకి నీలిరంగు వస్తోంది. వదిలి వెళ్ళలేడు. కూర్చుంటే ఒరిగేదీ లేదు. అడవిలో పిట్టల శబ్దం తప్ప ఇంకేం లేదు. జితేందర్ జీవితంలో ఇంత చేతకానితనం ఎప్పుడూ ఎరగడు. రేపు లక్ష్మీప్రియకి ఏం చెప్పాలి? ఈ మనిషికి ఏమైనా అయితే దేదీప్య ముఖం ఎలా చూడాలి? ఇంత జరుగుతున్నా తన ముఖం గురించే ఆలోచిస్తున్నానని గమనించాడు. ఆ గమనింపు అన్నిటికంటే గట్టిగా తగిలింది.

అనిరుధ్ కళ్ళు మూతలు పడుతున్నాయి.

"అనిరుధ్! నన్ను చూడు! తిట్టు, ఏదో ఒకటి అను!"

అప్పుడు వినిపించింది. సన్నగా మొదలై, సెకండ్ గేర్లో అరుస్తూ వస్తున్న ఇంజన్. ఈసారి ఆమె థర్డ్ వేసే ప్రయత్నం చెయ్యలేదు. సెకండ్‌లోనే, ఇంజన్ పగిలిపోతుందేమో అన్నట్టు తోలుకొచ్చింది. అరుగుకి ముందు చక్రాలు తగిలేదాకా వచ్చి బండి ఆగిపోయింది. ఆమె దూకి, ఇంజెక్షన్ మూత పీకి, ప్యాంటు మీదనుంచే అనిరుధ్ తొడలోకి గుచ్చింది.

కాసేపటికి ఈల శబ్దం పలచబడింది. ఇంకాసేపటికి అనిరుధ్ నీళ్ళడిగాడు. దేదీప్య అప్పుడు ఏడ్చింది.

"ఎలా కదిలించావు?" అన్నాడు జితేందర్.

"రోడ్డు మీద పికప్‌లో ఎవరో పెద్దాయన వెళ్తుంటే అడ్డంపడి ఆపాను. ఆయన తోశాడు. అంబులెన్స్ కోసం నైన్ వన్ వన్‌కి ఫోన్ కూడా ఆయన ఫోన్‌లోనే చేశాం." ముక్కు తుడుచుకుంది. "ఆయన రాకపోతే, బావగారూ?"

జితేందర్ ఖాళీ గ్లాసు తీసుకుని మళ్ళీ నీళ్ళు తేవడానికి లోపలికి వెళ్ళాడు.

రెస్క్యూ వాళ్ళు బురదలో వెళ్ళే బండిలో వచ్చి అనిరుధ్‌ని తీసుకెళ్ళారు. సాయంత్రానికి హాస్పిటల్ గదిలో అతను లేచి కూర్చున్నాడు, గొంతు మాత్రం బొంగురుగా ఉంది. డ్యూటీ ముగించుకున్న లక్ష్మీప్రియ డ్రైవ్ చేసుకుంటూ వస్తోంది. వేరే రాష్ట్రంలో, కాపెల్‌లో కొడుకు దగ్గరుంటున్న అత్తగారు లీలావతి వీడియో కాల్ చేసింది.

"అసలేం జరిగిందే?" అంది ఆందోళనగా.

దేదీప్య ఒకసారి జితేందర్ వైపు చూసింది. "బండి క్లచ్ విరిగిందమ్మా. బావగారే క్లచ్ లేకుండా గేర్లు ఎలా వెయ్యాలో చెప్పారు. అలా వెళ్ళి మందు తెచ్చాను."

"అవునత్తయ్యా. అన్నయ్య చెప్పబట్టే," అన్నాడు అనిరుధ్ మంచం మీద నుంచి. జితేందర్ వైపు మాత్రం చూడలేదు.

ఇద్దరూ అబద్ధం ఆడలేదు. ఇంటల్లుడి మర్యాదకి లోటు రాకుండా కొంచెం వదిలేశారు, అంతే. అత్తగారింట్లో పాయసంలో ఉప్పెక్కువైనా అల్లుడి ముందు ఎవరూ అనరు, అలాగ. ఆ మర్యాద జితేందర్ ఒంటికి నిప్పులా తగిలింది.

"అత్తయ్యగారూ, అది కాదు," అన్నాడు ఫోన్ అందుకుని. "క్లచ్ విరగ్గొట్టింది నేనే. ఎవరికీ చెప్పకుండా దాచాను. నావల్లే అనిరుధ్ ప్రాణం మీదికొచ్చింది."

లీలావతి రెండు చేతులూ జోడించింది. "చూశారా, చేసిన మంచి కూడా మీద వేసుకోరు! మీ వినయమే మీకు శ్రీరామరక్ష బాబూ."

"వినయం కాదండీ, నిజంగా నేనే—"

"విద్యగారూ, ఇలా రండి!" ఆవిడ పక్కకి తిరిగి ఎవరినో పిలిచింది. "మా పెద్దల్లుడుగారండీ, ఇవాళ మా చిన్నల్లుడి ప్రాణం కాపాడారు. క్లచ్చే లేని బండి నడిపించారట!"

ఫోన్‌లో కొత్త ముఖం కనబడి, "గ్రేట్ అండీ!" అంది. జితేందర్ తలూపలేకపోయాడు, మానలేకపోయాడు. దేదీప్య అతని చేతిలోంచి ఫోన్ తీసుకుని, "తర్వాత చేస్తానమ్మా," అని కట్ చేసింది.

గదిలో మానిటర్ బీప్ వినిపిస్తోంది.

"అమ్మకి ఇంక మీరు ఎన్నిసార్లు చెప్పినా ఎక్కదు," అంది దేదీప్య. "నాకు చెప్పండి. ఒక ముక్క లివర్. నేనే ఇంకోటి తెప్పించుకునేదాన్ని. ఎందుకు దాచారు?"

జితేందర్ ఎన్ని కారణాలు వెతికినా చివరికి ఒక్కటే మిగిలింది. అది పైకి అనడానికి చాలా చిన్నదిగా ఉంది.

"నువ్వు నవ్వుతావని."

దేదీప్య నవ్వలేదు. మంచం మీద అనిరుధ్ కళ్ళు మూసుకుని గోడ వైపు తిరిగి పడుకున్నాడు.